నాన్నగారి పద్యాలు ఇంట్లో రికార్డు చేయాలి: ఆడియో ఇంటర్‌ఫేస్ ల్యాప్‌టాప్‌కు ఎట్లా కలపాలి?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్ళ నాన్నగారు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి. హార్మోనియం పెట్టుకుని పద్యాలు పాడతారు. వాటిని ఇంట్లోనే రికార్డు చేసి దాచుకోవాలని రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు (సన్నని శబ్దాన్నీ పట్టేది, బాక్సు నుంచి కరెంటు కావాలి), ఒక డైనమిక్ మైకు (కరెంటు అక్కర్లేనిది) కొన్నాడు. విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే నాలుగు ఇబ్బందులు. వెనకాల జుయ్యిమని మోత. హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా రావడం. మధ్యమధ్యలో టిక్కు టిక్కుమనడం. తీరా వింటే గొంతు ఎడమ చెవిలోనే ఉండటం. షాపులో అడిగితే ఇంకా ఖరీదైన ఇంటర్‌ఫేస్ బాక్సు తీసుకోమన్నారట. తీసుకోవాలా అనీ, రెండు మైకుల్లో గొంతుకు ఏది పెట్టాలనీ అడుగుతున్నాడు.

వద్దు తమ్ముడూ. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే బాక్సు లోపం అనిపించడం లేదు. మోత దాదాపుగా ఇంటి కరెంటుది. ఆలస్యం, టిక్కులు విండోస్ సెట్టింగులవి. ఎడమ చెవి సంగతి సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ ఎంచుకోవడంలో ఉంది. రెట్టింపు డబ్బు పెట్టి ఇంకో బాక్సు తెచ్చినా, అదే ప్లగ్గులో అదే సెట్టింగులతో పెడితే అదే మోత వినిపిస్తుంది. ఒంగోలులో పాటలవాళ్ళకూ, నాటకాలవాళ్ళకూ, పాఠాలు రికార్డు చేసుకునే మాస్టర్లకూ ఈ సెటప్‌లు పెట్టిస్తుంటాను. బాక్సు మార్చాల్సి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. ఆ డబ్బుతో మంచి స్టాండు, మంచి కేబుల్ కొనుక్కో.

బాక్సు ఏం చేస్తుందో తెలిస్తే మిగతాది సులువు. మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనమైనది, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. బాక్సులోని ప్రీయాంప్ దాన్ని పెంచుతుంది, కన్వర్టర్ దాన్ని అంకెలుగా మారుస్తుంది, యూఎస్‌బీ కేబుల్ ఆ అంకెలను ల్యాప్‌టాప్‌కు చేరుస్తుంది. వెనక్కి వచ్చే శబ్దం కూడా ఇదే దారిలో బాక్సుకే వస్తుంది. అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్న సౌండ్ కార్డుకు ఇక పనిలేదు. హెడ్‌ఫోన్ ల్యాప్‌టాప్‌కు పెట్టావేమో చూసుకో. అది బాక్సుకే పెట్టాలి. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

కలిపేటప్పుడు ముందు బాక్సు కంపెనీ వెబ్‌సైట్ నుంచి నీ మోడల్ డ్రైవర్ (బాక్సుతో విండోస్ మాట్లాడటానికి కావలసిన సాఫ్ట్‌వేర్) దించుకుని ఇన్‌స్టాల్ చెయ్యి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాక బాక్సు తగిలించు. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ విండోస్‌లోనే ఉంటోంది కాబట్టి ఏమీ ఇన్‌స్టాల్ చేయకపోయినా చాలా బాక్సులు పలుకుతాయి. దాంతో "పనిచేస్తోంది కదా" అని వదిలేస్తారు. ఆలస్యం గొడవ మొదలయ్యేది అక్కడే. మ్యాక్‌లో ఈ బాధ దాదాపు లేదు, ఎక్కువ బాక్సులు డ్రైవర్ లేకుండానే చక్కగా నడుస్తాయి.

కేబుల్ విషయానికొస్తే బాక్సుతో వచ్చినదే వాడు. బాక్సు లైటు వెలుగుతున్నా ల్యాప్‌టాప్‌కు కనిపించకపోతే ముందు కేబుల్‌నే అనుమానించు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు బజారులో బోలెడు, వాటిలో డేటా తీగలు ఉండవు. బాక్సును నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంప్సే. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులను కూడా బాక్సు ఈ కాస్త కరెంటులోంచే తయారు చేసుకోవాలి. నాలుగు పోర్టుల హబ్‌లో మౌసుతో, పెన్‌డ్రైవ్‌తో పంచుకోమంటే దానికి చాలదు.

ఇప్పుడు మోత సంగతి. దీని దగ్గర ఆగి చెబుతాను, మన వైపు ఇళ్ళలో అసలు చిక్కు ఇదే.

మైకు తగిలించి, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే గుండీ) సగానికి పైగా పెంచి, హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుని విను. జుయ్యిమని మోత వస్తోందా? ఇప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను ల్యాప్‌టాప్ నుంచి లాగెయ్యి. మోత అక్కడికక్కడే ఆగిపోతే నీ బాక్సు నిర్దోషి. ఇంకో పరీక్ష కూడా చెయ్యి. ఛార్జర్ పెట్టి ఉండగా ల్యాప్‌టాప్ ఇనుప బాడీ మీద వేలి వెనకభాగంతో మెల్లగా రాస్తే జివ్వుమన్నట్టు అనిపిస్తుందా? బాక్సు రేకు మీద చెయ్యి వేస్తే మోత తగ్గడమో మారడమో జరుగుతుందా? అయితే నీ ఛార్జర్‌కు ఎర్త్ అందడం లేదు.

కారణం ఇది. ఛార్జర్ లోపల కరెంటు వైపుకూ ల్యాప్‌టాప్ వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా కొద్దిపాటి కరెంటు ఇవతలికి జారుతుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చినా, గోడలో సాకెట్‌కు ఎర్త్ తీగ కలపకపోయినా, అది పోయే దారి లేక ల్యాప్‌టాప్ బాడీ మీద నిలుస్తుంది. యూఎస్‌బీ కేబుల్ మీదుగా బాక్సులోకి వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ 50, దాని రెట్టింపు 100, ఆ పైన ఉండే పొరలు కలిసి నీకు వినిపించే ఆ జుయ్యి.

పాత ఇళ్ళలో ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పైపు దింపి ఉంటారు. ఆ మట్టి తడిగా ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. మన ఎండలకు ఏప్రిల్, మే వచ్చేసరికి గుంత ఎండిపోతుంది. వానాకాలంలో లేని మోత ఎండాకాలంలో వచ్చిందని నాకు చెప్పినవాళ్ళు ఉన్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూపించమను. మొదటిది 230 దరిదాపుల్లో, రెండోది ఒకటి రెండు వోల్టుల్లో ఉండాలి. తేడా ఉంటే గుంతలో నీళ్ళు పోయించి, తీగ బిగింపులు సరిచేయించు. ఆ కొలతలు నువ్వు సొంతంగా తియ్యొద్దు. మీటరు పిన్నులు సాకెట్‌లో పెట్టడం అలవాటు ఉన్నవాళ్ళ పని. ఇదంతా రికార్డింగ్ కోసమే కూడా కాదు. ఫ్రిజ్జు, గీజరు వాడే ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉండటం ప్రాణానికి సంబంధించిన విషయం. అందుకే ఇంకో మాట గట్టిగా చెబుతున్నా. మోత పోవడానికి ఎర్త్ పిన్ను విరిచెయ్యమనో, టేపు చుట్టమనో ఎవరైనా చెబితే వినొద్దు.

ఎర్త్ బాగున్నా మోత ఉంటే దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ల్యాప్‌టాప్ ఒక గది ప్లగ్గులో, స్పీకర్లు ఇంకో గోడ ప్లగ్గులో ఉండి, రెండూ ఆడియో కేబుల్‌తో కలిసి ఉంటే ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడతాయి. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది. రేపు ఎలక్ట్రానిక్ కీబోర్డు కూడా కలిపితే, అప్పటికీ తగ్గకపోతే కీబోర్డుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్యలో డీఐ బాక్సు అనే చిన్న పరికరం పెట్టుకోవాలి. దాని మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట ఆడియో కేబుల్‌లోని ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు కాబట్టి ప్రమాదం లేదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే మాత్రం రికార్డింగ్ ఛార్జర్‌తో పెట్టుకోకు. చవక ఇన్వర్టర్లు ఇచ్చేది స్క్వేర్ వేవ్. ఫ్యానే గుర్రుమంటుంది, ఇక మైకు ఎందుకు ఊరుకుంటుంది? నా సలహా, రికార్డు చేసేంతసేపు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే ఉంచు. బాక్సుకు కరెంటు యూఎస్‌బీ నుంచే వస్తుంది కాబట్టి పద్యం మధ్యలో లైట్లు ఆరిపోయినా రికార్డింగ్ ఆగదు.

ఆలస్యం గురించి. ల్యాప్‌టాప్ శబ్దాన్ని ఒక్కొక్క అంకెగా కాకుండా కొంత పోగు చేసి తీసుకుంటుంది. ఆ పోగునే బఫర్ అంటారు. సెకనుకు 48,000 శాంపిళ్ళ (శబ్దం కొలతల) లెక్కన బఫర్ 256 పెడితే ఒక పోగుకు 5.3 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21.3. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, పైగా కన్వర్టర్‌కు, డ్రైవర్‌కు పట్టే సమయం కూడా కలుస్తుంది. విండోస్ మామూలు దారిలో పంపితే ఇది వంద మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలే. పాడేవాళ్ళకు అంత ఆలస్యంలో శ్రుతీ నిలవదు, లయా నిలవదు. విండోస్ మిక్సర్‌ను తప్పించి సాఫ్ట్‌వేర్ నేరుగా బాక్సుతో మాట్లాడటానికి స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన పద్ధతి ఏఎస్ఐఓ. రీపర్‌లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో డివైస్ సెట్టింగుల్లోకి వెళ్ళి నీ బాక్సు పేరుతో ఉన్న ఏఎస్ఐఓ డ్రైవర్ ఎంచుకో. కంపెనీ సొంత డ్రైవర్ ఇవ్వని చవక బాక్సులకైతే ఏఎస్ఐఓ4ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఉంది. సొంతది ఉన్నప్పుడు దాని జోలికి పోవద్దు, రెండూ పెట్టుకుంటే అయోమయం.

ఇంత చెప్పి కూడా, నీ అవసరానికి ఈ మిల్లీసెకన్ల టెన్షన్ అనవసరం అంటాను. మీ నాన్నగారు పాడుతూ వాయిస్తారు. వెనకాల ఇంకో ట్రాక్ లేదు. బాక్సు మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక మీటో, ఇన్‌పుట్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తిరిగే గుండీయో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మైకు శబ్దం ల్యాప్‌టాప్ దాకా పోకుండా బాక్సు నుంచే హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. ఆలస్యం ఉండదు. అదే సమయంలో సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపెయ్యి. లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. నువ్వు రాసిన ఆలస్యం ఇదే అయి ఉండొచ్చు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ డివైస్ ప్రాపర్టీస్ తెరిచి "లిజన్ టు దిస్ డివైస్" టిక్కు పెట్టి ఉంటే తీసెయ్యి, అదీ ఇలాగే ప్రతిధ్వని తెస్తుంది.

ఇంకా చెప్పాలంటే నాన్నగారికి హెడ్‌ఫోన్ పెట్టకపోయినా ఫరవాలేదు. స్టేజీ మీద పాడినవాళ్ళు గదిలో వినిపించే తమ గొంతుతోనే శ్రుతి చూసుకుంటారు. చెవులు మూస్తే ఇబ్బంది పడతారు. హెడ్‌ఫోన్ నువ్వు పెట్టుకో. స్పీకర్లు మాత్రం రికార్డు చేసేటప్పుడు ఆపెయ్యి.

డైరెక్ట్ మానిటర్ పెట్టాక బఫర్ చిన్నదిగా ఉంచాల్సిన పనే లేదు. 512 గానీ 1024 గానీ పెట్టు. నీ టిక్కులు చాలావరకు అక్కడే పోతాయి, ఎందుకంటే చిన్న బఫర్ నింపే వేగాన్ని ల్యాప్‌టాప్ అందుకోలేనప్పుడే అవి వస్తాయి. ఇంకా మిగిలితే పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపు. రికార్డింగ్ సేపు వైఫై, బ్లూటూత్ ఆపు, వాటి డ్రైవర్లు ప్రాసెసర్‌ను మధ్యమధ్యలో పట్టుకుంటాయి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ శాంపిల్ రేటు ఒకటే ఉండాలి, రెండింట్లోనూ 48,000 పెట్టు. వీడియోకూ అదే సరిపోతుంది.

ఎడమ చెవి సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. బాక్సులో ఒకటో ఇన్‌పుట్ ఎడమ, రెండోది కుడి అన్నట్టు స్టీరియో ట్రాక్ తీసుకుంటుంది. రెండు మోనో (ఒకే చానెల్) ట్రాకులు తెరిచి, మొదటిదానికి ఇన్‌పుట్ 1, రెండోదానికి ఇన్‌పుట్ 2 ఇవ్వు. గొంతు మధ్యలోకి వస్తుంది, హార్మోనియం విడిగా ఉంటుంది. రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. బాక్సు మీద లైట్లు ఆడుతున్నా సాఫ్ట్‌వేర్‌లో గీత కదలకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి చూడు.

48 వోల్టుల మీట కండెన్సర్ మైకుకు తప్పనిసరి. డైనమిక్ మైకుకు అక్కర్లేదు, కానీ మామూలు ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబుల్‌తో ఉంటే దానికి హాని కూడా లేదు. మైకు తగిలించాక మీట వెయ్యి, మీట ఆపి కాసేపు ఆగాక మైకు తియ్యి.

ఇక గెయిన్. పద్యానికి ఇది పాటకంటే చాలా వేరు, నన్నడిగితే ఈ రికార్డింగు బాగుండటం, బాగుండకపోవడం ఇక్కడే తేలుతుంది. పద్యం ఎత్తుకునేటప్పటి గొంతు వేరు, చివర రాగం తీసి పైస్థాయిలో నిలబెట్టేటప్పటి గొంతు వేరు. నాటకాలవాళ్ళు మైకు సరిగ్గా అందని రోజుల్లో వెనక వరుసకు వినిపించేలా పాడటం నేర్చినవాళ్ళు. మొదటి పాదం విని గెయిన్ సరిచేస్తే చివరి ఆలాపనకు ఎర్ర లైటు వెలిగి గొంతు చీలిపోతుంది. అట్లా చీలిన శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. అందుకని నాన్నగారిని ముందు అన్నిటికంటే గట్టిగా రాగం తీసే పద్యం పాడమను. ఆ పై స్థాయి వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని మీటరు మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఆగేలా గెయిన్ పెట్టు. పరీక్షకు పాడినదానికంటే అసలు పాడేటప్పుడు ఊపు ఎక్కువ ఉంటుంది, ఆ ఖాళీ దానికే. మొదటి పాదాలు తెర మీద సన్నగా కనిపిస్తాయి, కంగారుపడకు. 24 బిట్‌లో రికార్డు చేస్తే లెక్క ప్రకారం 144 డీబీ వెడల్పు ఉంటుంది, 16 బిట్‌లో 96 మాత్రమే. తర్వాత పెంచుకున్నా రొద పైకి రాదు.

నీ దగ్గరున్న రెండు మైకుల్లో గొంతుకు ఏది అని అడిగావు కదా. గది మరీ ఖాళీగా, గోడలు మోగుతూ ఉంటే గొంతుకు డైనమిక్ మైకే మేలు. మంచం పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గది అయితే కండెన్సర్ మైకు గొంతులోని నాణ్యాన్ని బాగా పట్టుకుంటుంది. మైకును నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కకు పెట్టు. నేరుగా ఎదురుగా పెడితే ప, బ, భ అక్షరాలకు గాలి తగిలి బుడుగ్గుమంటుంది. హార్మోనియం మైకును మెట్ల పైన, తిత్తికి దూరంగా ఉంచు. మరీ దగ్గరైతే తిత్తి గాలి, మెట్ల టకటక పడతాయి. రెండు మైకుల మధ్య దూరం, ఒక్కో మైకుకూ దాని శబ్దానికీ మధ్య దూరానికి కనీసం మూడు రెట్లు ఉంటే ఒకదాని శబ్దం ఇంకోదాంట్లో పడి గొంతు డొల్లగా మారదు. కూర్చుని వాయిస్తూ పాడే మనిషికి అంత దూరం కుదరదు, కాబట్టి గొంతు మైకు వీపు హార్మోనియం వైపు ఉండేలా తిప్పు. అదీ కుదరకపోతే ఒక్క కండెన్సర్ మైకే ఎదురుగా రెండడుగుల దూరంలో పెట్టి, ముందుకూ వెనక్కూ జరుపుతూ గొంతూ హార్మోనియమూ తూగే చోటు చూసుకో. పద్యానికి ఈ పద్ధతి నాకు ఇష్టం, ఎదురుగా కూర్చుని విన్నట్టే ఉంటుంది.

కావలిలో ఒక పక్క రైలు పట్టాలు, ఒక పక్క హైవే. గూడ్సు పోతున్నంతసేపు ఆగడమే మార్గం. ఫ్యాన్ ఆపాలి కాబట్టి తెల్లవారుజామున పెట్టుకో, గొంతు విచ్చుకున్నాక. లారీల మంద్రమైన గుర్రు మిగిలితే గొంతు ట్రాక్ మీద 80 హెర్ట్జ్ దగ్గర, ఆ కింది శబ్దాన్ని తగ్గించే హైపాస్ ఫిల్టర్ వెయ్యొచ్చు. హార్మోనియం మీద వెయ్యొద్దు, మంద్రంలో రీడ్లు పలచబడతాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ. కండెన్సర్ మైకును స్టాండుకే వదిలేస్తే తేమ పట్టి చిటపటలాడుతుంది. పని అవగానే సిలికా జెల్ పొట్లంతో సహా డబ్బాలో పెట్టు.

ఫైళ్ళు వేవ్ రూపంలోనే దాచు. 24 బిట్, 48,000 రేటులో ఒక మోనో ట్రాక్ గంటకు సుమారు 520 ఎంబీ, రెండు ట్రాకులు ఒక జీబీ పైచిలుకు. చుట్టాలకు వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 వేరే చేసుకో, అసలు ఫైలు మాత్రం అట్లాగే ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి ఉంచు. పద్యం మొదలుపెట్టే ముందు అది ఏ నాటకంలోదో, ఏ రాగమో, తను ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాన్నగారి చేతనే చెప్పించి అదే ఫైలులో రికార్డు చెయ్యి.

ముందు ఛార్జర్ లాగేసి విని, మోత ఆగిందో లేదో చెప్పు. టిక్కులు ఇంకా వస్తుంటే ఏ డ్రైవర్ ఎంచుకున్నావో, బఫర్ ఎంత పెట్టావో, ఏ పోర్టుకు తగిలించావో రాయి, అక్కడి నుంచి చూద్దాం.